పాత బాస్ గిటార్‌కు కొత్త రంగు వద్దు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు ఆర్కెస్ట్రాలు ఒకప్పుడు మద్రాసు వెళ్లి తెచ్చుకున్న బాస్ గిటార్లు చాలావరకు అటకల మీదే ఉండిపోయాయి. కీబోర్డు వాయించేవాళ్ల ఎడమచెయ్యే బాస్ పని కానిచ్చేయడం మొదలయ్యాక వాటిని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు కుర్రాళ్లు మళ్లీ వాటిని కిందికి దించుతున్నారు. సంతోషమే. కానీ దించిన వెంటనే చేస్తున్న మొదటి పని, బండ్లకు డ్యూకో కొట్టే షాపుకు తీసుకెళ్లి ఉప్పుకాగితంతో గీకించి నిగనిగలాడే నల్లరంగు కొట్టించడం. అక్కడే నష్టం జరిగిపోతోంది.

అమెరికాకు చెందిన ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బాస్‌ను 1951లో, జాజ్ బాస్‌ను 1960లో తెచ్చింది. అరవైల చివరి దాకా వాటిపై పూత నైట్రోసెల్యులోజ్ లక్కర్. పలచటి పూత, కాలంతోపాటు పసుపెక్కుతుంది, సన్నటి బీటలు తీస్తుంది. కొనేవాడు ఆ బీటలకే డబ్బిస్తాడు. గీకి రంగు కొట్టించిన వాద్యం ధర, మిగతా భాగాలన్నీ అసలువే అయినా, దాదాపు సగానికి పడిపోతుంది. శుభ్రం చేయాలంటే ముందు తడిపి బాగా పిండిన నూలుగుడ్డ చాలు. జిడ్డు వదలకపోతే సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం దూదికి అద్ది తుడవండి, దీపాలకూ పొయ్యికీ దూరంగా. థిన్నర్ మాత్రం తగలనివ్వొద్దు, నైట్రో పూత అందులో కరిగిపోతుంది. మామూలు స్టాండ్ల రబ్బరు కూడా ఈ పూతను మెత్తబరిచి అంటుకుపోతుంది, మధ్యలో నూలుగుడ్డ చుట్టండి. మెడ మీద తీగల కింద ఉండే రోజ్‌వుడ్ పలకకు, అంటే ఫ్రెట్ బోర్డుకు, కొబ్బరినూనె రాసే అలవాటు మన దగ్గర ఉంది. అది కొన్నాళ్లకు జిగురై, కంపు కొట్టి, ఫ్రెట్ల (పలకలో అడ్డంగా దిగిన లోహపు కడ్డీల) అంచుల్లో మట్టిని పట్టి ఉంచుతుంది. గిటార్లకని అమ్మే లెమన్ ఆయిల్ ఏడాదికి రెండుసార్లు, నాలుగైదు చుక్కలు రాసి తుడిచేస్తే సరి.

అసలు పని మెడ దగ్గర ఉంటుంది. పొడవు మెడ బాస్ మీద నాలుగు తీగలూ కలిపి సుమారు 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడును మెడ లోపలున్న ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, ఆపుతుంది. నవంబరు, డిసెంబరు వానల్లో కొయ్య తేమ పీల్చుకుని మెడ ముందుకు వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. ఏప్రిల్, మే ఎండలకు ఆరి వెనక్కి తిరిగితే మొదటి ఫ్రెట్ల దగ్గర గరగర వస్తుంది, ఫ్రెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటాయి. అంటే తిరుపతిలో ఏడాదికి రెండుసార్లు సర్దుకోవాలి. చూసే పద్ధతి ఇది. శ్రుతి చేసిన లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు కొలవాలి. బైక్ మెకానిక్ టాపెట్లకు వాడే ఫీలర్ గేజే చాలు. 0.30 నుంచి 0.35 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ కొసనున్న నట్‌ను సవ్యదిశలో, తక్కువుంటే అపసవ్యదిశలో తిప్పాలి. ఒక్కోసారి పావు చుట్టు మించొద్దు. తిప్పాక తీగలను మళ్లీ శ్రుతి చేసి, మర్నాడు ఇంకోసారి కొలవండి. బిగుసుకుపోతే బలం పెట్టకండి. రాడ్ తెగితే ఫ్రెట్ బోర్డు ఊడదీయాల్సి వస్తుంది.

పాత ఫెండర్లలో ఆ నట్ మెడ మడమ దగ్గర దాక్కుని ఉంటుంది. తీగలు వదులు చేసి, వెనక నాలుగు స్క్రూలు తీసి, మెడను కొంచెం పైకి లేపితే గానీ దొరకదు. తిరిగి బిగించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. వాటిని బోల్టులని పిలుస్తాం గానీ అవి కొయ్యలోకి దిగే స్క్రూలు. ముందు వెనక్కి తిప్పుతూ, పాత మరలోకి 'టక్'మని దిగాకే ముందుకు బిగించాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త మర పడి, నాలుగైదు సార్లకు రంధ్రం లూజైపోతుంది.

మెడ సరయ్యాకే తీగల ఎత్తు చూడాలి. 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.4 మి.మీ., సన్నతీగ కింద 2 మి.మీ. మామూలు కొలత. గట్టిగా వాయించేవాళ్లు ఇంకొంచెం పెంచుకోవచ్చు. వంగిన మెడను అలాగే ఉంచి శాడిళ్లు (బ్రిడ్జి మీద తీగలను మోసే ముక్కలు) దించేస్తే 12వ ఫ్రెట్ పైన ఏది నొక్కినా గరగరలాడుతుంది. అప్పుడు 'ఫ్రెట్లు అరిగిపోయాయి' అని చెప్పి ఫ్రెట్లు మార్పించేస్తారు, అవసరమే లేకుండా. ఆఖరున 12వ ఫ్రెట్ పైన తీగను తాకీ తాకనట్టు ఉంచి పలికించే హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గితే ముందుకు జరపాలి. తీగలు కొనేటప్పుడు మెడ తల మొదలు నుంచి బ్రిడ్జి దాకా పలికే తీగ పొడవు గమనించండి. ఫెండర్ తరహావి 34 అంగుళాలు, వయొలిన్ ఆకారంలో ఉండే పొట్టివి 30 అంగుళాలు. పొడుగు తీగను పొట్టిదానికి వేస్తే చుట్టు మందంగా ఉన్న భాగమే శ్రుతి చేసే మర కడ్డీ చుట్టూ వంగి అక్కడే తెగుతుంది. తీగలను నీళ్లలో మరిగించి మళ్లీ వేసే చిట్కా పనిచేస్తుంది గానీ నాలుగు రోజులే, ఆ తర్వాత తుప్పు.

శబ్దం రాకపోతే వెంటనే పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే కాయిల్) మార్చేయకండి. వైరు గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, వైరు రెండో కొస దగ్గర ప్లగ్ మొనకూ ఆ ప్లగ్ లోహపు ఒంటికీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ప్రెసిషన్ బాస్ అయితే పది, పదకొండు కిలోఓమ్‌లు చూపాలి. 250 దగ్గరికి వెళ్లిందంటే కాయిల్ తెగినట్టే, మీటర్‌కు కనిపిస్తున్నది వాల్యూమ్ పాట్ (గుండీ కింద ఉండే పొటెన్షియోమీటర్) ఒక్కటే. ఆ పికప్‌లో రెండు ముక్కలూ సీరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి తెగినా మొత్తం మూగబోతుంది. విడివిడిగా కొలిస్తే ఏదో తెలుస్తుంది. చాలాసార్లు తెగేది బయటి చుట్టు కొసలో, సోల్డర్ దగ్గరే. భూతద్దం కింద ఒక చుట్టు విప్పి మళ్లీ అతికితే సరిపోతుంది. లోపలి కొస తెగితే మాత్రం తిరిగి చుట్టాలి. ఆ తీగ 42 గేజి, సుమారు 0.06 మి.మీ. మందం, వేల చుట్లు. మోటార్ వైండింగ్ షాపులో ఉండే తీగతో ఆ పని కాదు. పాట్ గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పండి. ఏది మార్చినా, పాడైపోయిన కెపాసిటర్‌తో సహా, పాతది కవర్లో వేసి పెట్టెలోనే ఉంచండి.

'అరవైల నాటి ఫెండర్' అని ఎవరైనా అమ్మజూపితే తల మీది స్టికర్ చూసి నమ్మకండి. మూత తీసి పాట్ల వెనక అంకెలు చదవండి. 137తో మొదలైతే సీటీఎస్, 304తో మొదలైతే స్టాక్‌పోల్ తయారీ. ఆ తర్వాతి రెండంకెలు ఏడాది, చివరి రెండు వారం. 1376633 అంటే 1966లో 33వ వారం. వాద్యం అంతకంటే పాతది కాదని మాత్రమే దీనివల్ల తేలుతుంది. 1966లో ఆ కంపెనీ పాట్లను పెద్దఎత్తున కొని పెట్టుకుంది గనుక తర్వాతి ఏళ్ల గిటార్లలోనూ 66 నాటివి కనిపిస్తాయి. మెడకు మూడే స్క్రూలున్న జాజ్ బాస్‌ను '62 మోడల్' అంటే నవ్వి ఊరుకోవచ్చు, ఆ పద్ధతి డెబ్భైల మధ్యలో గానీ రాలేదు. జపాన్‌లో చేసినవని చులకన చేయొద్దు. ఫెండర్ జపాన్ 1982లో మొదలైంది, నంబరుకు ముందు జేవీ అక్షరాలున్న తొలినాళ్ల వాటిని ఎగబడి కొంటారు. మన దగ్గర ఎక్కువగా దొరికే కలకత్తా తయారీ బాస్‌లకు ఈ పట్టింపులేవీ అక్కర్లేదు. వాటి శ్రుతి మరలు, బ్రిడ్జి, పికప్ అన్నీ నిస్సంకోచంగా మార్చుకోండి. మంచి మరలు పడితే వాటిలో కొన్ని ఆశ్చర్యపరిచేలా పలుకుతాయి.

ఈ జిల్లాలోనే చెప్పాల్సిన మాట ఇంకొకటి. ఫ్రెట్ బోర్డు పాడైతే 'ఎర్రచందనం ముక్కతో చేసిస్తాం' అనేవాళ్లు ఎదురుకావచ్చు. కొయ్య గట్టిదే, జపాన్‌లో షామిసెన్ మెడలకు దాన్ని వాడతారు. కానీ అనుమతి పత్రం లేని దుంగ ముక్క చేతిలో ఉండటమే నేరం, దానితో చేసిన గిటార్ దేశం దాటడం మరీ కష్టం. మామూలు రోజ్‌వుడ్ బిల్లుతో కొనండి.

ఇక ఆంప్లిఫయర్లు. గిటార్‌లో తప్పు చేస్తే డబ్బు పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న వాల్వ్ ఆంప్‌ను నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. పాత రేడియో మెకానిక్కుల సీరీస్ బోర్డే దీనికి మందు. వాల్వులన్నీ తీసి, 60 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టు, నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇరవై, ముప్ఫై ఏళ్లకు ఎండిపోతాయి, వాటిని మార్చాల్సిందే. ప్లగ్ తీసేశాక కూడా వాటిలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను క్లిప్పు వైర్లతో కెపాసిటర్‌కూ ఛాసిస్‌కూ (ఆంప్ లోహపు చట్రానికీ) మధ్య పది సెకన్లు ఉంచి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. స్పీకర్ కలపకుండా వాల్వ్ ఆంప్‌ను వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అమెరికా ఆంప్ అయితే 120 వోల్టుల స్టెప్‌డౌన్ కావాలి, ప్లేటు మీది వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యంతో. 60 సైకిల్స్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిల్స్ మీద ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి అరగంటకోసారి తడిమి చూడండి. వాల్వుల కోసం కంగారు పడనక్కర్లేదు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు చేసిన ఈఎల్84 లాంటివి ముసలి రేడియో మెకానిక్కుల డబ్బాల్లో ఇంకా దొరకొచ్చు.

బాస్‌ను నేరుగా మైక్‌సెట్ మైక్ ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం మొద్దుబారుతుంది. ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ పికప్‌కు మరీ తక్కువ. 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న డీఐ బాక్స్ (గిటార్ శబ్దాన్ని మైక్ ఇన్‌పుట్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) మధ్యలో పెట్టండి. గిటార్ కోసం చేసిన 12 అంగుళాల పాత స్పీకర్‌లోకి 41 హెర్ట్జ్ లావు తీగను గట్టిగా వదిలితే కోన్ చిరుగుతుంది.

బాస్ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, వైరు ద్వారా ఆంప్ ఛాసిస్‌కే కలిసి ఉంటాయి. రెండు పిన్నుల ప్లగ్ ఉన్న పాత ఆంప్‌లో లీకేజీ ఉంటే ఆ కరెంటు తీగల్లోకే వస్తుంది. వాయించేవాడి పెదవి ఎర్త్ ఉన్న మైక్‌కు తగిలితే చేతి నుంచి నోటికి పారుతుంది. అందుకే పాత ఆంప్‌కు మొదట చేయించాల్సింది మూడు పిన్నుల వైరు. పాత అమెరికా ఆంప్‌లలో మెయిన్స్ నుంచి ఛాసిస్‌కు వేసిన చిన్న కెపాసిటర్ ఒకటుంటుంది, దాన్ని తీసేయించాలి. అయితే పందిట్లో ఎర్త్ లేకపోతే మూడో పిన్ను ఉన్నా లేనట్టే. గంగమ్మ జాతర వేదికలకు, వినాయక చవితి పందిళ్లకు కరెంటు ఇచ్చే నిర్వాహకులకు మీ పత్రిక ద్వారా మనవి. కరెంటు స్తంభం నుంచి తీసే తాత్కాలిక లైన్‌కు ఎర్త్ కడ్డీ పాతించండి. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టించి చూడండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వెలిగినంత వెలగాలి, లేదా ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉంటే అది ట్రిప్ కావాలి. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా ఆర్కెస్ట్రాను వేదిక ఎక్కనివ్వొద్దు.

ఇట్లు,
ఒక బాస్ గిటార్ వాద్యకారుడు,
కొర్లగుంట, తిరుపతి.