దూరపు గెలాక్సీల వార్తలకు సవరణలూ వేయండి

సంపాదకుడు గారికి,

జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటో పేపర్లో వచ్చినప్పుడల్లా మా మనవడు కత్తిరించి గోడకు అంటిస్తాడు. మొన్న అడిగాడు, "తాతయ్యా, దగ్గరికెళ్తే ఇవే రంగులు కనిపిస్తాయా?" అని. కనిపించవు. వెబ్ పట్టేది ఎక్కువగా కంటికి ఆనని పరారుణ కాంతిని. దానికి మనకు తెలిసిన రంగులు అద్దుతారు. అందులో మోసం లేదు గానీ, ఫొటో కింద ఆ ముక్క వేయరు.

నా అసలు ఫిర్యాదు అది కాదు. 2022లో సీయర్స్-93316 అనే గెలాక్సీ బిగ్ బ్యాంగ్ (విశ్వం పుట్టుక) తర్వాత దాదాపు 24 కోట్ల ఏళ్లనాటిదని ఘనంగా వార్తలొచ్చాయి. అది కొన్ని ఫిల్టర్లలో, అంటే ఒక్కో శ్రేణి తరంగాలనే వదిలే జల్లెడల్లో, వెలుగు కొలిచి వేసిన అంచనా. విశ్వం వ్యాకోచిస్తున్న కొద్దీ దూరపు కాంతి సాగి పరారుణంలోకి జారుతుంది. అందులో ఒక హద్దుకన్నా పొట్టి తరంగాలను దారిలోని హైడ్రోజన్ మింగేస్తుంది. ఏ ఫిల్టరు దగ్గర గెలాక్సీ మాయమైందో చూసి దూరం, దాన్నిబట్టి కాంతి ఎప్పుడు బయల్దేరిందో లెక్కగడతారు. చిక్కల్లా ఏమిటంటే, దుమ్ము కమ్మిన దగ్గరి గెలాక్సీ కూడా ఇదే వేషం వేయగలదు. వేసింది కూడా. 2023లో వర్ణపటం తీస్తే, అంటే కాంతిని తరంగాలవారీగా విడదీసి చూస్తే, అది బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 120 కోట్ల ఏళ్లనాటిదని తేలింది. ఆ సవరణ నాకు ఏ తెలుగు పేపర్లోనూ కనబడలేదు. లోపలి పేజీల్లో ఏ మూలో వచ్చిందేమో!

వెబ్ ఫొటోల్లో దూరాన ఎర్రగా, బుల్లిగా కనిపించే 'చిన్న ఎర్ర చుక్కల' విషయంలోనూ ఇదే తంతు. వాటిలో వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న జాడలున్నాయి, కాబట్టి నడుమ కృష్ణబిలం ఉందని చాలామంది అనుమానం. మామూలుగా అలాంటి కృష్ణబిలం చుట్టూ ఉన్న దుమ్ము వేడెక్కి పరారుణంలో మెరవాలి, ఎక్స్ కిరణాలూ రావాలి. చాలా చుక్కల్లో ఆ రెండూ సరిగా కనబడటం లేదు. శీర్షికల్లో మాత్రం "కృష్ణబిలాలు దొరికాయి".

వార్తలో 'ఫిల్టర్ల అంచనా' అనో 'వర్ణపటంతో నిర్ధారణ' అనో ఒక్క మాట చేర్చండి. పుణె శాస్త్రవేత్తలు కనుగొన్న అలకనంద గెలాక్సీ దూరమూ ఫిల్టర్ల లెక్కే. అయితే వాడిన ఫిల్టర్లు ఎక్కువ, కాబట్టి నమ్మకమూ ఎక్కువ. ఇంత తేడా పాఠకుడి బుర్రకెక్కదనుకోకండి. 'వర్షం పడే అవకాశం' అని మీ పేపర్లో చదివి గొడుగు పట్టుకెళ్లేదీ ఆ పాఠకుడే. నిర్ధారణ వచ్చిన రోజున, అటైనా ఇటైనా, అదే పేజీలో నాలుగు లైన్లు వేయండి, చాలు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి