అవ్వ యాదిలో చలివేంద్రం: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, అక్కాచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, బతుకుదెరువుకు బొంబాయి, దుబాయి పోయిన మనోళ్ళకు కమిటీ తరఫున నమస్కారాలు. దారిన పోయేవాళ్ళకు నీళ్ళు పోసిన మన అవ్వ సంవత్సరీకం, ఆమె యాదిలో ములుగు రోడ్డు బస్సు స్టేజీ దగ్గర చలివేంద్రం పని రెండూ మంచిగా జరిగాయి. మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఇది.

ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న చందాలు 41,300 రూపాయలు. బయట ఉన్నవాళ్ళు బ్యాంకులో వేసినవి 22,000. మహిళా సంఘాల అక్కలు ఇచ్చింది 9,500. స్టేజీ దగ్గర పెట్టిన డబ్బాలో 1,240. మొత్తం జమ 74,040. డబ్బాలో పడ్డవన్నీ పది, ఇరవై నోట్లు, చిల్లరే. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో పోయే ట్రాక్టర్లోళ్ళు, దారిన పోయేవాళ్ళు వేసిన పైసలవి. అవ్వ పేరు తెలియకపోయినా ఆమె చేతి నీళ్ళు తాగినవాళ్ళు.

ఖర్చులో పెద్ద పద్దు రేకుల పందిరి, ఇనుప పైపులతో కలిపి 27,600. మేస్త్రి కూలి, సిమెంటు, ఇసుక 9,800. కూర్చునే బెంచీలు రెండు, 7,000. నల్లా, పైపులైను 4,150. పేరు చెక్కించిన రాయి 3,200. సంవత్సరీకం భోజనాలకు పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ 11,450. బియ్యం ఇండ్లల్లోంచే వచ్చాయి, వంట మనోళ్ళే చేశారు.

రంజన్లు, అంటే నీళ్ళ మట్టికుండలు ఆరు, ఒక్కోటి 550 చొప్పున 3,300. కూలర్ కొనొచ్చు గదా అని చాలామంది అడిగారు. కరెంటు పోతే కూలర్ నీళ్ళు వేడెక్కుతాయి, రిపేరు కూడా మనమే చేయించుకోవాలి. రంజన్‌కు ఆ టెన్షన్ లేదు. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఊరి, ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా చల్లబడతాయి. అవ్వ ఇసుక దిబ్బ మీద కుదురుగా నిలబెట్టి, చుట్టూ తడి గోనెసంచి కప్పి, పొద్దున్నే చేదబావి నీళ్ళు మోసుకొచ్చి నింపేది. మేడారం జాతర ఏడు వస్తే ఎడ్లబండ్ల వాళ్ళకు నీళ్ళతో పాటు జొన్న అంబలి, ఎడ్లకు గడ్డి కూడా ఉండేవి.

గ్లాసులకు ఖర్చు లేదు. అవ్వ వాడిన ఇత్తడి లోటాలు ఆమె బిడ్డలు ఇచ్చారు. ఎవరన్నా ఎత్తుకుపోతారు, గొలుసు వేయిద్దామని ఒక మాట వచ్చింది. కమిటీ ఒప్పుకోలేదు. కొందరికి దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసే రోజుల్లో కూడా, అవ్వ కులం అడగకుండా, వచ్చిన ప్రతి మనిషికీ లోటా చేతికే ఇచ్చింది. దాన్ని గొలుసుతో కట్టేయడానికి మాకు చేతులు రాలేదు. పోతే మళ్ళీ కొంటాం.

మొత్తం ఖర్చు 66,500. మిగులు 7,540 రూపాయలు కమిటీ ఖాతాలో ఉన్నాయి. రంజన్ వాడగా వాడగా నీటిలోని ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి, చల్లదనం తగ్గుతుంది. అందుకని వచ్చే ఉగాదికి కొత్తవి ఆరు కొనడానికి 3,300 పక్కన పెట్టాం. మిగతా 4,240 నీళ్ళు నింపే మనిషి కూలికి. ఎండాకాలం మొత్తానికి అది సరిపోదు. వంతులవారీగా నింపడానికి వచ్చేవాళ్ళు కమిటీకి పేర్లు ఇవ్వండి.

బిల్లులన్నీ పంచాయతీ ఆఫీసులో ఫైలు కట్టి పెట్టాం. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.