అమ్మ మోకాలికి మందు ఎప్పుడు ఆపాలో తేదీ రాయించిన అమ్మాయికి

నిద్ర సరిగ్గా లేదు, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. అమ్మకు యాంటీబయాటిక్స్ ఈరోజుతో ఆపేశారు. చిప్ప మార్చిన మోకాలికి మూడో వారంలో చీము పట్టి, మళ్ళీ తెరిచి కడగాల్సి వచ్చింది. ఇప్పుడు నడుస్తోంది. తమ్ముడూ మరదలూ ఎంత చేశారో ఇంట్లో అందరికీ తెలిసిందే, వాళ్ళకు ఇక్కడ చెప్పేదేముంది. సర్జన్‌గారికి నమస్కారాలు. ఈ పోస్టు మాత్రం వార్డులో రోగులకు రాసిన మందులు సరిచూసే క్లినికల్ ఫార్మసిస్టు అమ్మాయి కోసం. ఫార్మ్‌డీ అని మందుల మీద డిగ్రీ చదివింది, పాతికేళ్ళుంటాయేమో. పేరు రాయొద్దంది.

డిశ్చార్జి కాగితంలో యాంటీబయాటిక్ ఎదురుగా "5 రోజులు" అని ఉంది. ఏ ఆపరేషనుకైనా కంప్యూటర్లోంచి వచ్చే లైను అది. బిల్లు కట్టేశాం, వీల్‌చైర్ వచ్చేసింది. ఆ అమ్మాయి డ్యూటీ దిగి వెళ్ళిపోతూ కాగితం చూసి, "అక్కా, ఒక్క పది నిమిషాలు కూర్చోండి" అని తీసుకెళ్ళింది. సర్జన్‌గారు థియేటర్లో ఉంటే బయటే నిలబడి, మందులన్నీ మళ్ళీ రాయించి, పన్నెండు వారాలకు ఆపే తేదీ వేయించి, సంతకంతో తెచ్చింది. మేమెవరమో ఆమెకు తెలియదు. ఆ తేదీ చూసి కారిడార్లో నిలబడి ఏడ్చేశాను.

పక్క మంచం ఆయనకు వేలి కీలులో చీము పడితే కడిగి రెండు వారాల మందుతో పంపారు కదా, అమ్మకు పన్నెండు ఎందుకని అడిగాను. లోపల ఏం మిగిలిందో చూసి లెక్క వేస్తారంది. ఆయనది సొంత కీలు, చీము తీసేస్తే మందుకు మిగిలే పని తక్కువ. జెనీవాలో 154 మందితో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, కడిగాక రెండు వారాల మందు నాలుగు వారాలకు ఏమీ తీసిపోలేదు. కానీ అందులో ఎక్కువమంది చేతివేళ్ళు, మణికట్టు కీళ్ళవాళ్ళు. అందుకే సొంత మోకాలికో తుంటికో చీము పడితే నాలుగు వారాల వైపే మొగ్గే డాక్టర్లు చాలామంది. రక్తాన్ని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్లో కూడా స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగితే రెండు వారాల మాటే ఎత్తరు.

అమ్మది వేరు. లోహపు చిప్పలు అలాగే ఉంచి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ లైనర్ మార్చి, పాడైన కండ గీకి కడిగారు. లోహం మీద బ్యాక్టీరియా నీళ్ళ తొట్టికి పట్టే పాచిలా అంటుకుని ఉంటుంది, కడిగినా కొంత మిగులుతుంది. ఫ్రాన్స్‌లో దాదాపు 400 మంది కృత్రిమ కీళ్ళవాళ్ళకు ఆరు వారాలా, పన్నెండు వారాలా అని పోల్చి 2021లో ఫలితాలు ఇచ్చారు. ఆరు వారాలవాళ్ళలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ పోలేదు, పన్నెండు వారాలవాళ్ళలో 9.4 శాతం. అమ్మలాగా చిప్పలు ఉంచేసినవాళ్ళలో అయితే 30.7, 14.5. ఈ అంకెలు కాగితం వెనక రాసిచ్చింది, దాచుకున్నాను. 2013 నాటి అమెరికా మార్గదర్శకాల్లో చిప్పలు ఉంచేసిన మోకాలికి స్టాఫ్ అయితే ఆరు నెలలని ఉంది, ఇప్పుడు మూడు నెలలకే ఆపేవాళ్ళు చాలామంది. చిప్పలు పూర్తిగా తీసి వాటి చోట తాత్కాలికంగా సిమెంటు దిమ్మ (స్పేసర్) పెడితే సాధారణంగా ఆరు వారాలు.

అమ్మకు పెరిగింది మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగే రకం స్టాఫ్. మొదట సెఫజోలిన్ ఇంజెక్షన్ 2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి, తర్వాత మాత్రలు: రిఫాంపిసిన్ 450 రెండు పూటలా, లెవోఫ్లాక్సాసిన్ 750 ఒక పూట. కట్టు తడి ఆరి, గాయంలోంచి ద్రవం బయటికి తీసే గొట్టం (డ్రెయిన్) తీసేదాకా రిఫాంపిసిన్ మొదలుపెట్టనివ్వలేదు, ఒంటరిగా అసలే ఇవ్వకూడదు. బ్యాక్టీరియా త్వరగా దానికి లొంగకుండా తయారవుతుంది. ఉదయం ఆరింటికి పరగడుపున రిఫాంపిసిన్, పదకొండింటికి లెవోఫ్లాక్సాసిన్, సాయంత్రం మళ్ళీ రిఫాంపిసిన్, కాల్షియం బిళ్ళ రాత్రి అన్నం తిన్నాక. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి కాల్షియం రాస్తారు, అది లెవోఫ్లాక్సాసిన్‌తో కలిస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు. షుగర్‌కు వేసుకునే గ్లిమెపిరైడ్, బీపీకి వేసుకునే అమ్లోడిపిన్ పనితనాన్ని రిఫాంపిసిన్ తగ్గిస్తుంది, షుగరూ బీపీ పెరగొచ్చు. రిఫాంపిసిన్ ఆపాక ఆ డోసులు మళ్ళీ సరిచూడాలి, పెంచిన డోసే కొనసాగితే షుగర్ పడిపోవచ్చు. మడమ వెనక నరం పట్టేసినట్టు నొప్పి వస్తే లెవోఫ్లాక్సాసిన్ ఆపి అదే రోజు ఫోన్ చేయాలి. ఇవి అమ్మ డోసులు. ఎవరూ తమకు తాముగా మొదలుపెట్టకండి.

ఒంట్లో వాపును చూపే రక్త పరీక్షలు రెండు, ఈఎస్ఆర్, సీఆర్‌పీ. ఈఎస్ఆర్ తగ్గలేదని మందు పొడిగించమని కంగారుపడ్డాం. సీఆర్‌పీ వారాల్లో దిగుతుంది, ఈఎస్ఆర్‌కి నెలలు పడుతుంది, గాయం మానింది చూడండి చాలంది.

ఇక కోపం. మా ఇన్సూరెన్స్ వాళ్ళు మంచం మీద ఉంటేనే ఇంజెక్షన్‌కు డబ్బిస్తారట, ఇంట్లో వేసుకునే మాత్రలకు నానా కొర్రీలు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా ఎముకల, కీళ్ళ ఇన్ఫెక్షన్లవాళ్ళకు మొదటి ఆరు వారాలు మాత్రలిచ్చినా నరానికి ఎక్కించే ఇంజెక్షన్లతో సమానంగానే పనిచేశాయని 2019లో తేలింది. అయినా మాత్రల చీటీ అంటే అనుమానమే. రిఫాంపిసిన్ టీబీకి కూడా వాడే మందు, మెడికల్ షాపులో అడిగితే అందరికీ వినేలా "మీ అమ్మగారికి టీబీయా?" అని. అంత ఎముకల ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ల డాక్టరు ఒక్కరూ లేరు. ఆ అమ్మాయి చూడకపోతే ఐదో రోజుకు అమ్మ మందు ఆగిపోయేది.

నేను ల్యాబ్ మనిషిని కాబట్టి ఒక మాట. మళ్ళీ తెరిచేటప్పుడు ఐదారు కండ ముక్కలు వేర్వేరు డబ్బాల్లో పంపమని, బ్యాక్టీరియాను పెంచే ల్యాబ్ ప్లేట్లు 14 రోజులు ఉంచమని అడగండి. దూదిపుల్లతో పంపితే చాలదు. రోగి నిలకడగా ఉంటే శాంపిల్ తీసేదాకా యాంటీబయాటిక్ ఇవ్వరు, ముందే పడితే ఏమీ పెరగకపోవచ్చు.

అయ్యో, మరిచిపోయాను. రాత్రి పూట కట్టు తడిసిందని గమనించి పరుగున పిలిచిన ఆయమ్మకు, ప్లేట్లు పారేయకుండా ఉంచిన మైక్రోబయాలజీ వాళ్ళకు, రక్తం ఇచ్చిన ఇద్దరు తమ్ముళ్ళకు, మెట్ల మీద అమ్మను కుర్చీతో సహా మోసిన ఆటో అన్నకు కూడా కృతజ్ఞతలు. ఫిజియోథెరపిస్టుగారూ, మీరు కూడా, కోప్పడకండి.