ప్లాస్టిక్ షీటుకిచ్చే సాయం ఎండుగడ్డికీ ఇవ్వండి: ఒడిశా వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

గుణుపురం, కాశీనగర్ వైపు వంశధార ఒడ్డు ఊళ్ళలో తోటకూర, పాలకూర, చుక్కకూర వేసి సంతలో అమ్ముకునే కుటుంబాల తరఫున రాస్తున్నాను. ఆ మడుల్లో కష్టం ఎక్కువగా ఆడవాళ్ళదే. వేసవిలో పొద్దున నీళ్ళు పోసినా మధ్యాహ్నానికి మట్టి గట్టిపడి ఆకు వడిలిపోతుంది. ఆకుకూరల వేళ్ళు లోతుకు పోవు. పైమట్టి ఎండితే పంట పోయినట్టే.

ఆ పైమట్టిని కాపాడటానికే మల్చింగ్, అంటే మట్టి మీద కప్పు పరచడం. ఉద్యాన పథకం కింద ప్లాస్టిక్ షీటుకు సగం ఖర్చు సబ్సిడీగా ఇస్తున్నారు. మిరపకు, పుచ్చకు అది మంచిదే. నెల రోజుల్లో కోసేసే తోటకూరకు, అదీ ఒత్తుగా వేసే పంటకు, షీటుతో ఏం చేస్తాం? మాకు పనికొచ్చేవి ఎండుగడ్డి, చెరకు ఆకు, రాలిన మామిడి, జీడిమామిడి ఆకులు. విత్తనం చల్లకుండా సాళ్ళలో వేసి, మొక్క నాలుగాకులు తొడిగాక సాళ్ళ మధ్య రెండంగుళాల మందాన పరిస్తే చాలు. ఎండ మట్టికి నేరుగా తగలదు, తడులు తగ్గుతాయి, కలుపు అణుగుతుంది. జల్లు పడ్డా ఆకుకు బురద చిమ్మదు, సంతలో శుభ్రమైన ఆకుకే మంచి ధర వస్తుంది.

అయితే తెలియకుండా చేస్తే నష్టం. ఎండుగడ్డిని మట్టిలో కలిపేస్తే కుళ్ళేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకు పసుపెక్కుతుంది. అందుకే పైన మాత్రమే పరచాలి. మొక్క మొదలుకు ఆనిస్తే కాండం కుళ్ళుతుంది. పొడి నేలలో చెదలు పడతాయి, గమనిస్తూ ఉండాలి. ఇంకో టెన్షన్, వరిగడ్డి పశువుల మేత. దాన్ని ముందు పశువులకే ఉంచి, పొలాల్లో తగలబెట్టే చెరకు ఆకును మడులకు చేర్చాలి. అడవి నేలను ఊడ్చి ఆకు తేవడం మాత్రం వద్దు.

కేంద్రం 2024 నవంబరు 25న 2,481 కోట్ల రూపాయలతో జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అందులో సహజ ఎరువులు, కషాయాలు అందించే బయో ఇన్‌పుట్ కేంద్రాలు 10,000 పెడతామన్నారు. మా బ్లాకుల్లో పెట్టే కేంద్రాల్లో జీవామృతంతో పాటు చెరకు ఆకు, గడ్డి కట్టలు కూడా దొరికేలా చూడండి. వాటి రవాణాకు, పరిచే కూలికి సాయం ఇవ్వండి. గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రంలో ఆకుకూరల మడి ఒకటి ఇలా పెంచి చూపించండి. కరపత్రాలు ఒడియాతో పాటు తెలుగులోనూ వేయించండి, ఇక్కడ చాలా ఇళ్ళలో చదివేది తెలుగే.

గడ్డి చేతికొచ్చే వరి కోతలు నవంబరులో మొదలవుతాయి. ఆలోగా ఉత్తర్వు వస్తే ఆ తర్వాత వచ్చే వేసవి పంటకే సాయం అందుకుంటాం.

ఇట్లు,
గుణుపురం ప్రాంత ఆకుకూరల రైతు