ఈసారి గీసుకునే వెళ్తున్నాం

ఒరేయ్ మామా,

ఎట్టున్నావురా? ఫోన్లో అయితే సగమే చెప్పినట్టుంటుందని కాగితం పట్టుకున్నా.

మన షార్ట్ ఫిల్మ్ సంగతేరా. కిందటి నెల మైపాడులో తీసిందంతా ఎడిటింగ్‌లో చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఒడ్డున అమ్మ, పడవలో కొడుకు, ఒకరినొకరు చూసుకోవాలి గదా? రెండు క్లోజప్పులూ పక్కపక్కన పెడితే ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు! ఎవరో మూడో మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలి. అప్పుడే ఒకరి చూపు కుడికి, ఇంకొకరిది ఎడమకి పోతుంది. తెలియక కాదు, ఆ హడావుడిలో గీత దాటేశాను.

అందుకే వారం నుంచి లాంగ్ నోట్‌బుక్‌లో పేజీకి ఆరు గడులు కొట్టి స్టోరీబోర్డు గీస్తున్నా, అంటే తీయబోయే ఒక్కో షాటూ ముందే ఒక్కో గడిలో బొమ్మగా వేసుకోవడం. బొమ్మలు బాగా రావాల్సిన పనిలేదురా. తలకి సున్నా, ముక్కుకి చిన్న గీత. ముక్కు ఎటుందో చూస్తే చాలు, చూపు ఎటో తేలిపోతుంది.

గీస్తుంటే ఇంకోటి తట్టింది. మన సముద్రం తూర్పున కదా, తెల్లారి ఎండ అమ్మ ముఖం మీద పడుతుంది. ఒడ్డుకేసి చూసే కొడుక్కేమో వెనక నుంచి వస్తుంది. వాడి ముఖం నల్లగా వస్తోందని పోయినసారి గంటసేపు తంటాలు పడ్డాం. ఈసారి వాణ్ణి నీడగానే గీశా. ముఖం ఉండదు, వల సర్దే చేతులే. ఆ గడి చూసుకుంటే నాకే ఒళ్ళు జలదరించింది.

బాపు గారు సినిమా అంతా ముందే బొమ్మల్లో వేసుకునేవారు. సత్యజిత్ రాయ్ 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి'కి మామూలు స్క్రిప్టు బదులు బొమ్మల పుస్తకమే చేసుకున్నారు. 2012లో 'ఈగ' తీసేటప్పుడు సుదీప్ ఎదురుగా ఈగే లేదు. చూపు ఎటో ముందే తేలకపోతే ఆ సినిమా ఎట్టా నిలబడేది చెప్పు? నాకు అన్నిటికంటే గుండెకి తగిలింది మాత్రం జపాన్ డైరెక్టర్ కురొసావా కథ. 'కాగెముషా'కి డబ్బు పుట్టని రోజుల్లో ఆయన కూర్చుని దృశ్యాలన్నీ రంగుల్లో వేసుకున్నాడు. 1980లో గానీ అది తెరమీదికి రాలేదు. చేతిలో కెమెరా లేకపోయినా సినిమా వదిలిపెట్టలేదురా ఆయన.

ఆదివారం మళ్ళీ మైపాడు. నాలుగింటికే నెల్లూరు నుంచి బయల్దేరాలి, నీ ట్రైపాడ్ మర్చిపోకు. నోట్‌బుక్‌లో ఆఖరి గడి ఇంకా ఖాళీగానే ఉంది. పడవ కనపడకుండా పోయాక అమ్మ ఇంటివైపు తిరగాలా, అట్టాగే నిలబడాలా? నాకు తెగట్లేదు. నువ్వొచ్చి గియ్యి.

నీ
మామ