ఏ వేళ్లకి తిమ్మిరి?

బుజ్జీ,

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్ని పరీక్షలు బాగా రాసింది, తాతయ్య దగ్గు తగ్గింది. నిన్న పిన్ని మాటల్లో మాటగా నీ కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందని, నిద్రలో లేచి విదిలించుకుంటున్నావని చెప్పింది. నాకెందుకు చెప్పలేదని అడగనులే. ఏ వేళ్లకో మాత్రం తను చెప్పలేదు. నాకు కావాల్సింది అదే.

వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయటికొస్తాయని చిన్నప్పుడు నీకు బొమ్మ వేసి చూపించాను. వాటిలో చేతికి వచ్చేవి మెడ దగ్గర అల్లుకుని, మళ్లీ విడిపోయి కిందికి దిగుతాయి. తిమ్మిరి చిటికెన వేలికీ, ఉంగరం వేల్లో సగానికీ అయితే అది అల్నార్ నరం. మోచేతి లోపలివైపు ఎముక వెనక గాడిలో, దాదాపు చర్మం కిందే ఉంటుంది. అక్కడ తగిలితే జివ్వుమనేది అందుకే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మీడియన్ నరం మణికట్టులో నొక్కుకుంటోందని అనుమానించాలి. రాత్రి లేపేది ఎక్కువగా ఇదే.

పెదమావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. రోజంతా మోచెయ్యి బల్లకి ఆనించి లెక్కలు రాసేవాడు. చిటికెన వేలు మొద్దుబారితే వయసన్నాడు. తాళంచెవి తిప్పలేకపోయాడు, చలి అన్నాడు. చొక్కా గుండీలు అత్తయ్య పెట్టాల్సొచ్చింది, అయినా కదల్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంటపడ్డాకే డాక్టరు దగ్గరికెళ్లాడు. నరం మీది మైలిన్ తొడుగు ఒక్కటే దెబ్బతింటే కొన్ని వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుంది. లోపలి ఆక్సాన్, అంటే సంకేతాలు మోసే పోగు, పోతే రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. మోచేతి నుంచి అరచేతి దాకా ఎంత దూరమో కొలుచుకో. ఆపరేషనయ్యాక స్పర్శ రావడానికే ఏడాది దాటింది. ఆ గుంట మాత్రం పూడలేదు.

నీకూ అలా అవుతుందని కాదు. మోచెయ్యి మడిచి గంటలకొద్దీ ఫోన్ మాట్లాడకు, బల్ల అంచుకి ఆనించకు. పడుకునేటప్పుడు తువ్వాలు వదులుగా చుట్టుకుంటే మోచెయ్యి మడత పడదు. మణికట్టు అయితే అది వంగకుండా పట్టీ వేసుకోవాలి. పాదాలు కూడా మొద్దుబారుతుంటే షుగరు, బి12 చూపించుకో. ఎప్పుడైనా హఠాత్తుగా ఒకవైపు చెయ్యో, కాలో, మూతో పట్టు తప్పితే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి, నాకు తర్వాత చెప్పొచ్చు.

ఇంకొకటి. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య ఒక కాగితం పట్టుకుని ఎవరినైనా లాగమను. బొటనవేలి చివరి కణుపు వంగిందంటే కండ బలం తగ్గుతోందని అర్థం, ఇక ఆలస్యం చెయ్యకు. ఏ వేళ్లో ఇవాళే ఫోన్ చేసి చెప్పు. స్పీకరు పెట్టి మాట్లాడు, చెయ్యి చాపుకుని.

అమ్మ