చలికాలంలో మా బాల్ పైథాన్‌ను కాపాడినవారికి కృతజ్ఞతలు

మా మేనల్లుడు పై చదువులకు విదేశం వెళ్తూ మాకు అప్పగించిన బాల్ పైథాన్ (విషం లేని, విదేశీ జాతి చిన్న కొండచిలువ) ఈ చలికాలంలో మింగిన ఎలుకను కక్కివేసి, ఆ తరువాత ఎర వైపు తల తిప్పడం కూడా మానివేసింది. అప్పుడు మాకు అండగా నిలిచిన వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరు ఏమి చేశారో మాత్రం వివరంగా రాస్తాను. ఆ వివరాలు ఇటువంటి పామును సాకుతున్న మరొకరికి అక్కరకు వస్తాయి.

అందరికన్నా ముందు హనుమకొండలోని మా పశువైద్యుడు గారికి నమస్కారాలు. ఆకలి పుట్టించే మందు కోసం వెళ్ళిన మాకు ఆయన మందు రాయలేదు. పామును తూకం వేసి, నోరు తెరిచి చూసి, ఊపిరిలో గురగుర శబ్దం ఏమైనా ఉందేమోనని పరీక్షించి, పామును ఉంచే పెట్టెలో వెచ్చని వైపు ఎన్ని డిగ్రీలు ఉంటోంది, చల్లని వైపు ఎన్ని, తెల్లవారుజామున ఎన్ని అని అడిగారు. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు; మింగిన ఎర అరగాలంటే చుట్టూ ఉన్న వెచ్చదనమే దానికి ఆధారం. ఆ వెచ్చదనం చాలకపోతే ఎర కడుపులోనే కుళ్ళడం మొదలవుతుంది, దానితో పాము దాన్ని బయటికి తెచ్చేస్తుంది. ఘనా, టోగో, బెనిన్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల వేడి నేలల్లో బొరియలలో బతికే ఈ జాతికి, చలి ముదిరిన రాత్రులలో 15 డిగ్రీల లోపుకు దిగిపోయే మన వరంగల్ వాతావరణం ఏమాత్రం సరిపడదని ఆయన వివరించిన తరువాతే, మేము తిండి సమస్య అనుకున్నది నిజానికి వేడి సమస్య అని మాకు అర్థమైంది.

ఆయన చెప్పిన కొలతలు ఇవి: వెచ్చని వైపు 31 నుంచి 32 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి, రాత్రి వేళ పెట్టెలో ఎక్కడా 24 డిగ్రీలకు తగ్గకూడదు. రెండు వైపులా పాము ఇరుక్కుని దాక్కునేంత చిన్న డబ్బాలు ఉండాలి. దాగే చోటు ఒక్క వైపే ఉంటే అది భయం కొద్దీ చలిలోనే ఉండిపోతుంది తప్ప వెచ్చదనం కోసం బయటికి రాదు. కక్కిన తరువాత కనీసం రెండు వారాలు ఏమీ పెట్టవద్దని, కడుపు లోపలి పొర కుదుటపడాలని, ఆ తరువాత మామూలుగా పెట్టే దానిలో సగం పరిమాణం ఉన్న ఎరతో మొదలుపెట్టమని గట్టిగా చెప్పారు. బలవంతంగా నోట్లో కుక్కే ఆలోచనే వద్దన్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము చలికాలంలో కొన్ని వారాలు తినకపోవడం ఈ జాతిలో మామూలేనని, బరువు పదో వంతు తగ్గితే మాత్రం వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపారు.

ఇక హైదరాబాదులో ఎన్నో ఏళ్ళుగా బాల్ పైథాన్లను పెంచుతున్న అన్న చేసిన మేలు మాటలలో చెప్పలేనిది. మేనల్లుడికి పామును అమ్మిన దుకాణం వారు పెట్టెతో పాటు హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని పట్టా) ఇచ్చారు కాని, దానికి థర్మోస్టాట్ (వేడి మించకుండా కరెంటును ఆపే పరికరం) ఇవ్వలేదు. థర్మోస్టాట్ లేని మ్యాట్ ఎంత వేడెక్కుతుందో ఎవరూ చెప్పలేరని, కడుపు కింద కాలుతున్నా పాము వెంటనే పక్కకు తప్పుకోదని, పొట్ట పొలుసులు తీవ్రంగా కాలిన పామును బతికించడం చాలా కష్టమని ఫోనులోనే హెచ్చరించి, మరునాడే తన దగ్గర ఉన్న థర్మోస్టాట్‌ను ఆర్టీసీ కార్గోలో వరంగల్‌కు పంపారు. మ్యాట్‌ను పెట్టె లోపల కాకుండా అడుగు భాగానికి బయట, మూడో వంతు మేరకే అమర్చాలని, థర్మోస్టాట్ ప్రోబును (వేడిని కొలిచే తీగ కొనను) మ్యాట్‌కూ పెట్టె అడుక్కూ మధ్య కదలకుండా అతికించాలని, లోపలి వేడిని విడిగా మరో డిజిటల్ థర్మామీటరుతో సరిచూడాలని దగ్గరుండి చెప్పినట్టే వీడియో కాల్‌లో చూపించారు. కరెంటుతో వేడెక్కే రాళ్ళను పెట్టెలోకి రానివ్వవద్దన్నారు.

ఎర పెట్టే పద్ధతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. బతికి ఉన్న ఎలుక తిరగబడి పామును కొరికే ప్రమాదం ఉంది కాబట్టి ఫ్రీజరులో గడ్డకట్టించిన ఎలుకనే వాడాలి. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గట్టిగా మూసిన ప్లాస్టిక్ కవరులో ఉంచి వేడి నీళ్ళలో పెట్టి, పైభాగం 38 డిగ్రీలకు వచ్చాక పొడవాటి పటకారుతో అందించాలి. పాము పెదవుల మీద ఉన్న చిన్న గుంటలు వేడిని పసిగడతాయి కాబట్టి చల్లని ఎలుక దానికి ఎర అనిపించదు. మైక్రోవేవ్‌లో పెడితే ఎలుక లోపల ఉడికి, దాని పొట్ట పగిలిపోతుంది. ఎలుక మందం పాము ఒళ్ళు అన్నిటికన్నా లావుగా ఉన్న చోటి మందాన్ని మించకూడదు. తిన్న తరువాత రెండు రోజులు పామును చేత్తో పట్టుకోకూడదు. ఎలుకలను ఇంటివాళ్ళు తినే పదార్థాలతో కలపకుండా వేరే పెట్టెలో ఉంచాలని, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పిల్లలకు ప్రమాదకరమని.

కాజీపేట నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ అన్నకు పామంటే భయమే. అయినా పని పూర్తయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నారు. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ బల్బుకు ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుందని పింగాణీ హోల్డరు బిగించారు, పాము దాన్ని చుట్టుకోకుండా చుట్టూ ఇనుప జాలి కట్టారు, నీళ్ళ గిన్నెకు దూరంగా ప్లగ్గును గోడ మీద ఎత్తుగా పెట్టి ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) అమర్చారు. మొదటి థర్మోస్టాట్ పాడై కరెంటు ఆగకుండా వెళ్ళినా పెట్టె కాలిపోకుండా, 35 డిగ్రీల దగ్గర దానంతటదే ఆపివేసే రెండో థర్మోస్టాట్‌ను అదే లైనులో కలపడం ఆయన ఆలోచనే. నాకు అన్నిటికన్నా నిశ్చింతనిచ్చింది అదే. గోడకు రంధ్రాలు వేయడానికి ఒప్పుకున్న మా ఇంటి యజమాని దంపతులకు, కరెంటు పోయినప్పుడు మ్యాట్ ఆగకుండా తమ ఇన్వర్టరు నుంచి తీగ లాగనిచ్చిన పక్కింటి వదినకు కూడా ఎంతో రుణపడి ఉన్నాం.

పాము మా చేతికి మారిన సంగతిని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ 2.0 పోర్టల్‌లో తెలియజేయడానికి ఒక న్యాయవాది మిత్రుడు కాగితాలన్నీ సిద్ధం చేసిపెట్టారు. మన అడవులలోని కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాన్ వంటి, ఆ చట్టం నాలుగో షెడ్యూలులో ఉన్న విదేశీ జాతులను కూడా నమోదు లేకుండా ఉంచుకోకూడదు.

పాము ఇప్పుడు క్రమంగా తింటోంది, మొన్న కుబుసాన్ని తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా విడిచింది. మే నెలలో మన దగ్గర ఎండ 43 డిగ్రీలు దాటే రోజులకు గదిని చల్లగా ఉంచే ఏర్పాటు ఇంకా మిగిలి ఉంది. దానికి కూడా తానే వచ్చి చూస్తానని ఎలక్ట్రీషియన్ అన్న మాట ఇచ్చారు, అందుకు ఆయనకు ముందుగానే ధన్యవాదాలు.